ఆర్కిడ్లకు నీడ, చలి కాపుదల: ఐసెలిన్ పెరటికి కొంత రసాయన శాస్త్రం

న్యూజెర్సీ రాష్ట్రంలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక భాగమైన ఐసెలిన్ తెలుగువారికి చిరపరిచితమైన ఊరు. ఓక్ ట్రీ రోడ్డు అంగళ్ళలో కరివేపాకు, గోంగూర దొరకటం ఇప్పుడెవరికీ విశేషంగా తోచదు. ఆ పరిసరాలలోని తెలుగు ఇళ్ళలో మల్లె, కరివేప కుండీల సరసన ఆర్కిడ్లు కూడా చోటు సంపాదించుకున్నాయి. గృహప్రవేశానికో, పుట్టినరోజుకో కానుకగా వచ్చిన ఫెలనాప్సిస్ రెండు మూడు నెలలు పూచి ఊరుకుంటుంది. వేసవి రాగానే, ఉష్ణదేశపు మొక్క కదా, కాస్త ఎండ తగలనిద్దామని ఇంటివారు దానిని పెరట్లోని డెక్ మీదికి చేరుస్తారు.

ఆ తరువాత జరిగేది సాధారణంగా రెండు విధాలు. మే నెలలోనే ఆకుపై తెల్లని మచ్చ ఏర్పడి, కొద్ది రోజులలో నల్లబడి ఎండిపోతుంది. లేదా వేసవి అంతా నిగనిగలాడిన మొక్క సెప్టెంబరు నెలాఖరున ఒక్క రాత్రి చలికి నీరుకారి మెత్తబడిపోతుంది. మొదటిది ఎండ దెబ్బ, రెండవది చలి దెబ్బ అని వేరువేరుగా చెప్పుకోవటం వాడుక. అయితే ఆకులోపల జరిగే రసాయన చర్యలను పరిశీలిస్తే ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం ఉన్నదని తెలుస్తుంది. ఆ చుట్టరికం అర్థమైతే నీడ ఎంత కావాలో, ఎప్పుడు కావాలో, చలికి ఏమి చేయాలో నియమాలు కంఠస్థం చేయనవసరం లేకుండానే ఊహించవచ్చు.

మామిడి కొమ్మ మీది మొక్క

ఆర్కిడ్లు తెలుగుదేశానికి కొత్తవి కావు. మామిడి తోటలలో కొమ్మలను పట్టుకొని, తెల్లని లావుపాటి వేళ్ళను గాలిలోకి చాచి పెరిగే వాండా టెస్సెల్లేటా మన ప్రాంతపు ఆర్కిడే. చెట్టు రసం పీల్చే పరాన్నజీవులను పిలిచే బదనిక అన్న పేరుతోనే దీనినీ పిలవటం కద్దు. నిజానికి ఇది పరాన్నజీవి కాదు. చెట్టు నుండి ఆధారాన్నే గాని ఆహారాన్ని తీసుకోని వృక్షోపజీవి. వాండా అన్న శాస్త్రీయ నామం కూడా సంస్కృతంలోని వందా అన్న మాట నుండి వచ్చినదే.

ఈ మొక్క శాస్త్రలోకానికి పరిచయమైనది తెలుగునేల ద్వారానే. సామర్లకోటలో ఉద్యానం పెంచి, తీరాంధ్రపు మొక్కలను చిత్రకారుల చేత గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్ళాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన వెలువరించిన గ్రంథం మొదటి సంపుటంలో, 1795లో, ఈ ఆర్కిడ్ వర్ణన ఎపిడెండ్రమ్ టెస్సెల్లేటమ్ అన్న పేరుతో ప్రచురితమైనది. వాండా అన్న ప్రజాతి పేరు 1820లో వచ్చినది.

ఈ చరిత్రలో గ్రహించవలసిన విషయం ఒకటున్నది. కోస్తా జిల్లాల ఎండ తీవ్రత అందరికీ తెలిసినదే. కాని ఈ మొక్క ఆ ఎండలో నేలమీద నిలబడి పెరగలేదు. ఆకుల మధ్య నుండి జల్లెడ పట్టినట్లు దిగే వెలుతురులో, గాలి ఆడే కొమ్మ మీద పెరిగినది. కనుక ఉష్ణదేశపు మొక్క అన్నంత మాత్రాన నిండు ఎండకు అలవాటుపడినదని అనుకోరాదు. దానికి ఐసెలిన్‌లో సమకూర్చవలసినది ఆంధ్రదేశపు ఎండ కాదు, మామిడి చెట్టు నీడ.

ఆకులో జమాఖర్చు

ఆకులోని పత్రహరితం కాంతిని పట్టుకొనే వేగానికీ, ఆ శక్తిని ఎంజైములు వినియోగించుకొనే వేగానికీ పొంతనే లేదు. పత్రహరితపు అణువు గ్రహించిన శక్తి సెకనులో లక్షకోట్లవ వంతు కాలమానంలో పక్క అణువులకు చేరుతుంది. ఆ శక్తితో బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చే దారిలో ముఖ్యమైన రూబిస్కో అన్న ఎంజైము మాత్రం ఒక్కొక్క క్రియాస్థానంలో సెకనుకు మూడు నాలుగు అణువులకు మించి పని చేయలేదు. ఆదాయం వరదలా వచ్చిపడుతుంటే ఖర్చు బొట్లుబొట్లుగా సాగుతుందన్నమాట.

ఖర్చు కాని శక్తి ఊరుకోదు. అది ఆమ్లజని అణువులను అతి చురుకైన రూపాలలోకి మార్చి, వాటి ద్వారా ఆకులోని పొరలను, ప్రొటీన్లను దెబ్బతీస్తుంది. దీనికి మొక్క రెండు రక్షణలు ఏర్పరచుకున్నది. మొదటిది, కారోటినాయిడ్లు అనే పసుపు వర్ణకాలు మిగులు శక్తిని హానిలేని వేడిగా మార్చి వదిలివేయటం. రెండవది మరమ్మతు. కాంతి తాకిడికి మొదట చెడిపోయే డీ1 అన్న ప్రొటీనును మొక్క ఎప్పటికప్పుడు తొలగించి కొత్తదాన్ని అమర్చుకుంటుంది. చెడే వేగం మరమ్మతు వేగాన్ని మించనంత వరకు ఆకు క్షేమంగా ఉంటుంది. మించిన రోజున పత్రహరితం విరిగి ఆకు పాలిపోతుంది. మనం చూసే తెల్లమచ్చ ఆ లెక్క తప్పిన చోటు.

ఆర్కిడ్లలో అనేకానికి ఇంకొక ఇబ్బంది కూడా ఉన్నది. నీటి పొదుపు కోసం ఇవి పగలు పత్రరంధ్రాలను మూసుకొని, రాత్రి తెరుస్తాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా కణాలలోని రిక్తికలలో దాచుకొని, పగలు కాంతి సహాయంతో ఖర్చుచేస్తాయి. ఈ విచిత్రానికి ఆనవాలును తొలినాళ్ళలో గుర్తించినవారిలో బెంజమిన్ హైన్ ఒకరు. రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడాయన. మనం రణపాల అని పిలిచే మొక్క ఆకు ఉదయం పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రానికి కొంచెం చేదుగా ఉంటుందని నాలుకతో రుచి చూసి తెలుసుకొని, ఇంగ్లండుకు వ్రాసి పంపాడు. అది 1815లో ముద్రితమైనది. ఫెలనాప్సిస్, కాట్లియా, వాండా వంటి ఆర్కిడ్ల ఆకులలోనూ జరిగేది ఇదే.

పగలు రంధ్రాలు మూసుకున్న ఆకుకు బాష్పోత్సేకం ద్వారా చల్లబడే అవకాశం లేదు. మందపాటి ఆకు గనుక ఎండలో దాని ఉష్ణోగ్రత గాలి కంటె బాగా పెరిగిపోతుంది. అందువల్ల మధ్యాహ్నం ఆకును వేళ్ళతో తాకి చూడటం మంచి పరీక్ష. గాలి కంటె స్పష్టంగా వెచ్చగా తగిలితే నీడ చాలటం లేదని అర్థం. వాండాకు కొమ్మమీద దొరికే గాలి ఇక్కడ ఎందుకు ముఖ్యమో కూడా దీనివల్ల తెలుస్తుంది. తనంతట తాను చల్లబడలేని ఆకును గాలే చల్లబరచాలి.

ఐసెలిన్ ఎండ ఎంత

న్యూజెర్సీ ఎండ మన ఊరి ఎండ ముందు ఎంత అన్న భావన చాలామందిలో ఉన్నది. ఐసెలిన్ సుమారు 40.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు అక్కడ ఆకాశంలో 73 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. పగలు సుమారు 15 గంటలు. అదే రోజున విజయవాడలో పగలు 13 గంటలు మాత్రమే, పైగా అది రుతుపవన మేఘాల కాలం. కనుక మేఘాలు లేని జూన్ రోజున ఐసెలిన్ డెక్ మీద పడే మొత్తం కాంతి ఏ విధంగానూ తక్కువ కాదు.

నడివేసవి మధ్యాహ్నపు నిండు ఎండ సుమారు 10,000 ఫుట్‌కాండిళ్ళు. ఫెలనాప్సిస్‌కు 1,000 నుండి 1,500 వరకు చాలు. కాట్లియాకు 2,000 నుండి 3,000 వరకు, వెడల్పాటి ఆకుల వాండాలకు, సింబిడియాలకు అంతకంటె కొంత ఎక్కువ కావాలి. అనగా ఫెలనాప్సిస్ నిండు ఎండలో ఏడెనిమిదవ వంతును మాత్రమే కోరుతున్నది.

తోటసామగ్రి అంగళ్ళలో దొరికే నీడవలపై 50, 70 అని శాతాలు వ్రాసి ఉంటాయి. ఆ అంకె ఆపే కాంతిని సూచిస్తుందే గాని పోనిచ్చే కాంతిని కాదు. 70 శాతం వల 30 శాతం వెలుతురును లోపలికి వదులుతుంది. రెండు 50 శాతం వలలను ఒకదానిపై ఒకటి పరిస్తే పూర్తి చీకటి కాదు, సగంలో సగం, అనగా 25 శాతం వెలుతురు వస్తుంది. నల్లని వల కాంతిని పీల్చుకొని తానే వేడెక్కుతుంది కనుక దానిని మొక్కలకు రెండు మూడడుగుల ఎత్తున, ప్రక్కలు తెరచి కట్టాలి. ఆకులకు తగిలేలా కప్పితే నీడ ఇచ్చినట్లే ఇచ్చి వేడి పెట్టినట్లవుతుంది.

కొలత పరికరం లేనివారికి చేయి చాలు. మధ్యాహ్నం ఆకుకు ఒక అడుగు ఎత్తున చేయి చాచినపుడు అంచులు తీరిన నల్లని నీడ పడితే ఫెలనాప్సిస్‌కు ఆ చోటు పనికిరాదు. అంచులు మసకబారిన నీడ పడితే సరిపోతుంది. నీడే కనిపించకపోతే పూలు రావు. ఆకు రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. ముదురు పచ్చదనం ఆరోగ్యలక్షణంగా కనిపించినా అది వెలుతురు చాలని గుర్తు. కొంచెం పసుపు కలిసిన లేతపచ్చ మేలైనది.

ఇంటికి తూర్పున ఉదయపు ఎండ రెండు గంటలు తగిలి, తరువాత గోడ నీడ పడే చోటు వలతో పనిలేకుండానే చాలా ఆర్కిడ్లకు సరిపోతుంది. పడమటి ఎండ మాత్రం గాలి బాగా వేడెక్కిన వేళ వస్తుంది గనుక అదే కాంతి అయినా ఎక్కువ హాని చేస్తుంది.

చలి ఏమి చేస్తుంది

ఇక చలి సంగతి. నవంబరు నుండి న్యూజెర్సీ వంటింటిలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టటం, పక్కనే ఉన్న నువ్వుల నూనె పలచగానే ఉండటం ప్రతి ఇంట్లోనూ చూసేదే. కొబ్బరినూనె 24 డిగ్రీల సెల్సియస్ దిగువన ఘనీభవిస్తుంది. అందులో సంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. వాటి గొలుసులు తిన్నగా ఉండి ఒకదాని పక్కన ఒకటి పుల్లల కట్టలా ఇమిడిపోతాయి. నువ్వుల నూనెలోని అసంతృప్త ఆమ్లాల గొలుసులలో వంపులుంటాయి గనుక అవి అంత సులభంగా పేర్చుకోవు.

మొక్క కణాల పొరలు కూడా ఇటువంటి కొవ్వు ఆమ్లాల గొలుసులు గల పదార్థాలతోనే తయారవుతాయి. చలిదేశపు మొక్కలు శరదృతువు ముదిరేకొద్దీ తమ పొరలలో వంపు గొలుసులను పెంచుకుంటాయి. ఉష్ణమండలపు మొక్కలకు ఆ నేర్పు తక్కువ. నీరు గడ్డకట్టే స్థితి రాకముందే, 10 డిగ్రీల సెల్సియస్ చుట్టుపట్లనే వాటి పొరలు బిగుసుకొని, అందులో ఇమిడిన ప్రొటీన్ల పని మందగిస్తుంది. చలి ఎక్కువసేపు నిలిస్తే పొరలు కారటం మొదలై, కణరసం బయటికి వచ్చి ఆకు నీరుకారినట్లు కనిపిస్తుంది.

ఇక్కడే నీడకూ చలికీ గల చుట్టరికం బయటపడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఎంజైముల వేగం సుమారు సగానికి పడిపోతుంది. కాని పత్రహరితం కాంతిని పట్టుకోవటం భౌతిక చర్య, దానికి చలితో దాదాపు నిమిత్తం లేదు. ఆదాయం తగ్గలేదు, ఖర్చు సగమైనది, మరమ్మతు కూడా మందగించినది. ఫలితంగా ఆగస్టులో మొక్క హాయిగా భరించిన ఉదయపు ఎండే, చలి రాత్రి మరునాడు దానికి విషమవుతుంది.

దీనికి ప్రయోగశాలలో ఆధారమున్నది. జపాను శాస్త్రజ్ఞుడు నొరియో మురాటా, ఆయన సహచరులు 1992లో పొగాకు మొక్కలలో పత్రహరిత పొరల కొవ్వును మార్చి చూశారు. చలికి ఓర్వలేని గుమ్మడి జాతి జన్యువును చేర్చిన పొగాకు చలికి మరింత సుకుమారమైనది. చలిని తట్టుకొనే అరబిడాప్సిస్ జన్యువును చేర్చినది మరింత ఓర్పు చూపినది. అదే బృందం 1995లో ప్రచురించిన పరిశోధనలో, చలిలో కాంతి వల్ల కలిగిన నష్టం నుండి మొక్క ఎంత త్వరగా కోలుకుంటుందన్నది పొరలలోని ఈ అసంతృప్త గొలుసులపై ఆధారపడుతుందని తేలినది. అనగా చలి చేసే పెద్ద కీడు, వెలుతురు చేసిన గాయాన్ని మాననీయకపోవటమే.

తోటమాలికి దీనివల్ల లభించే సూత్రం చిన్నది. చల్లని రాత్రి తరువాత మొక్కకు ఎండ చూపి వెచ్చబరచాలనుకోవటం పొరపాటు. గాలి వెచ్చబడేవరకు దానిని నీడలోనే ఉంచాలి.

ఇదే సూత్రం వసంతంలోనూ వర్తిస్తుంది. ఏప్రిల్‌లో రెండు రోజులు వెచ్చగా ఉండగానే మొక్కలను మేపుల్ చెట్టు కిందికి చేర్చేవారున్నారు. అప్పటికి మేపుల్, ఓక్ చెట్లు నిండుగా చిగురించవు. చెట్టు ఉన్నది గాని నీడ లేదు, రాత్రులింకా చల్లనివే. ఆ రెండు లోపాలూ ఒకేసారి తగిలే నెల అది. మే నెలాఖరుకు ఆకులు నిండి, రాత్రులు వెచ్చబడి, రెండూ ఒకేసారి తీరతాయి.

చల్లని రాత్రికి కాపుదల

వాతావరణ సూచనలో చెప్పే ఉష్ణోగ్రత నేలకు సుమారు 5 అడుగుల ఎత్తున, నీడలో కొలిచే గాలి ఉష్ణోగ్రత. మేఘాలు, గాలి లేని రాత్రి నేలకు దగ్గరగా ఉండే గాలి అంతకంటె చల్లన. ఆకు మరీ చల్లన. ఆకు తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలివేస్తుంది, స్వచ్ఛమైన ఆకాశం తిరిగి ఇచ్చేది తక్కువ. ఆ విధంగా ఆకు గాలి కంటె రెండు మూడు సెల్సియస్ డిగ్రీలు చల్లబడగలదు. కనుక రాత్రి 50 ఫారెన్‌హీట్ అని సూచన వస్తే ఆకుకు 45 అని లెక్కించుకోవటం క్షేమం.

ఆకుకూ ఆకాశానికీ మధ్య ఏదైనా అడ్డుపెడితే ఈ నష్టం ఆగుతుంది. వరండా కప్పు, దట్టమైన చెట్టు, నాలుగు కర్రలపై పరచిన పాత దుప్పటి, ఏదైనా సరే. పల్చని పాలిథిన్ షీటు మాత్రం నమ్మదగినది కాదు. పాలిథిన్ అణువులు పరారుణ కిరణాలను చాలావరకు పోనిస్తాయి. పైగా షీటు తగిలిన చోట ఆకు చలికి దెబ్బతింటుంది, తెల్లవారి ఎండ వస్తే లోపల ఉడికిపోతుంది. నేసిన బట్టే మేలు. దానినైనా ఆకులకు తగలకుండా కట్టి, ఉదయం తీసివేయాలి.

కప్పిన చోట నీళ్ళ బకెట్లు ఉంచటం తేలిక ఉపాయం. 5 గాలన్ల బకెట్‌లోని సుమారు 19 లీటర్ల నీరు 20 నుండి 5 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడేలోపు సుమారు 285 కిలోకేలరీల వేడిని వదులుతుంది. ఇది 60 వాట్ల పాతకాలపు బల్బు అయిదున్నర గంటలు వెలిగిన దానికి సమానం. అటువంటి సాధారణ ఫిలమెంటు బల్బుల అమ్మకం అమెరికాలో 2023లో ఆగిపోయినది. వాటి స్థానంలో వచ్చిన ఎల్‌ఈడీ దీపాలు వెలుతురునిస్తాయి గాని మొక్కను కాచేంత వేడినివ్వవు. పాత సలహా చదివి దుప్పటి కింద ఎల్‌ఈడీ దీపాల తోరణం పెట్టి నిశ్చింతగా నిద్రపోరాదు.

ఫ్లోరిడా రైతులు గడ్డకట్టే రాత్రులలో తోటలపై నీరు చిమ్ముతారన్నది నిజమే. గ్రాము నీరు గడ్డకడితే 80 కేలరీల గుప్తోష్ణం వెలువడుతుంది. అయితే అది రాత్రంతా ఆగక చిమ్మవలసిన పద్ధతి, మంచు పొర కింద ఆకును గడ్డకట్టే స్థానం దగ్గర నిలిపే పద్ధతి. ఆర్కిడ్‌కు ఆ ఉష్ణోగ్రతే ప్రాణాంతకం. చలి రాత్రి దాని ఆకులు తడిగా ఉండకూడదు. తడి ఆరేటపుడు ఆకులోని వేడిని తీసుకుపోతుంది, ఆకుల మధ్య నిలిచిన నీరు మొవ్వు కుళ్ళటానికి దారితీస్తుంది.

ఐసెలిన్ పంచాంగం

ఐసెలిన్ అమెరికా వ్యవసాయశాఖ పటంలోని 7వ మండలానికి చెందుతుంది. శీతకాలపు అత్యల్ప ఉష్ణోగ్రత సగటున 0 నుండి 10 ఫారెన్‌హీట్ మధ్యకు దిగే ప్రాంతమిది. పైన చెప్పిన కాపుదలలన్నీ ఉపయోగపడేది వసంతంలో, శరత్తులో కొద్ది రాత్రులకే. శీతకాలం గడపటానికి ఇల్లే శరణ్యం.

రాత్రులు నిలకడగా 55 ఫారెన్‌హీట్ (13 సెల్సియస్) పైన ఉండటం మొదలైన తరువాత, సుమారుగా మెమోరియల్ డే నాటికి, మొక్కలను బయటికి తేవచ్చు. మొదటి వారం పూర్తి నీడ, రెండవ వారం ఉదయపు పలుచని వెలుతురు, ఆ తరువాతనే శాశ్వత స్థానం. రక్షక వర్ణకాలను సమకూర్చుకోవటానికి ఆకుకు ఆ వ్యవధి అవసరం.

సెప్టెంబరులో తొందరపడి లోపలికి తేవటం కూడా నష్టమే. ఫెలనాప్సిస్‌లో పూకాడ పుట్టటానికి కొన్ని వారాల చల్లదనం కావాలి. రాత్రులు 60 ఫారెన్‌హీట్ దరిదాపులకు వచ్చే సెప్టెంబరు ఆ పని చేస్తుంది. 55కు దిగే సూచన రాగానే వాండాలు, ఫెలనాప్సిస్‌లు ఇంటిలోకి రావాలి. హిమాలయ ప్రాంతపు చల్లదనానికి అలవాటైన సింబిడియాలు 40 ఫారెన్‌హీట్ వరకు తట్టుకుంటాయి. పూయటానికి ఆ చల్లని రాత్రులు వాటికి అవసరం కూడా. అవి అక్టోబరు మధ్య వరకు బయట ఉండవచ్చు.

అంతకు మించి ఆగటం సాహసం. 2011 అక్టోబరు 29న న్యూజెర్సీలో అకాలపు మంచు కురిసి, ఆకులింకా రాలని చెట్ల కొమ్మలు విరిగిపడి, అనేక ఇళ్ళకు విద్యుత్తు పోయినది. అటువంటి రాత్రి పెరట్లోని మొక్కలను కాపాడటం ఎవరి తరమూ కాదు.

చలినే కోరే ఆర్కిడ్

ఆర్కిడ్లన్నీ చలికి వెరచేవి కావన్నది కూడా ఈ రాష్ట్రమే చెబుతుంది. దక్షిణ న్యూజెర్సీ పైన్ అడవుల ఆమ్లనేలలో గులాబీరంగు పూలు పూసే సిప్రిపీడియం అకాలే అన్న ఆర్కిడ్ సహజంగా పెరుగుతుంది. శీతకాలంలో దాని ఆకులు నశించి, మొగ్గ నేలలో దాగి ఉంటుంది. చలికాలం గడవనిదే అది తిరిగి సరిగా మొలకెత్తదు. నేలలోని శిలీంధ్రంతో దానికి విడదీయరాని పొత్తు ఉన్నది గనుక అడవి నుండి పెళ్ళగించి తెస్తే సాధారణంగా బతకదు. దానిని ఉన్నచోటనే చూసి ఆనందించాలి.

అదే మాట మామిడి కొమ్మ మీది వాండాకూ వర్తిస్తుంది. సెలవులకు ఊరు వెళ్ళినపుడు తాతగారి తోటలోని బదనికను పెట్టెలో పెట్టుకొని రావాలనిపించటం సహజమే. కాని ఆర్కిడ్ కుటుంబమంతా సైట్స్ అంతర్జాతీయ ఒప్పందం రక్షణలో ఉన్నది. అనుమతి పత్రమూ, మొక్కల ఆరోగ్య పత్రమూ లేకుండా అమెరికాలోకి తేవటం నేరం. నర్సరీలలో పెంచిన వాండాలు ఇక్కడే దొరుకుతాయి.

అటువంటి మొక్క ఇంటికి వచ్చిన నాడు దాని పుట్టుకను దేశం పేరుతో కాక కొమ్మ పేరుతో గుర్తుంచుకుంటే చాలు. పైన ఆకుల జల్లెడ, చుట్టూ కదిలే గాలి, రాత్రి ఆకాశానికీ ఆకుకూ మధ్య ఒక కప్పు, చల్లని ఉదయాన కొంత ఆలస్యంగా వచ్చే వెలుతురు. ఈ నాలుగింటినీ మామిడి చెట్టు అడగకుండానే ఇచ్చేది. ఐసెలిన్‌లో ఆ బాధ్యత ఇంటివారిది.